కిషన్‌బాగ్ పార్కులో మెహందీ హెడ్జ్

2023 తొలకరి రోజుల్లో కిషన్‌బాగ్‌లోని ఓ చిన్న పార్కు నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. మాది గుంటూరు వైపు. పాతబస్తీ పార్కులు చూసే ఒక ప్రైవేటు ఏజెన్సీలో హార్టికల్చర్ సూపర్‌వైజర్‌గా, అంటే మాలీల పని చూసే ఉద్యోగిగా ఉన్నాను. పార్కులు నగరపాలక సంస్థవే. నీళ్లు పెట్టడం, గడ్డి కోయడం, చచ్చిన మొక్క తీసి కొత్తది నాటడం మాత్రం టెండర్ పిలిచి మాలాంటి వాళ్లకు అప్పజెబుతారు. దాన్ని మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ అంటాం. అప్పుడప్పుడు అధికారి ఇన్‌స్పెక్షన్‌కు వస్తారు. అంతా పచ్చగా ఉంటే సరే, లేకపోతే ఎవరో ఒకరి మీద వేటు పడాలి. అది ఎప్పుడూ మాలీ మీదే పడుతుంది, దూరపు పార్కుకు మార్చేస్తారు.

ఆ పార్కు మాలీ మల్లమ్మ. ఇల్లు వెనక సందులోనే. మంచాన పడ్డ అత్తకు మధ్యాహ్నం వెళ్లి అన్నం తినిపించి వచ్చేది. వేరే పార్కుకు మారిస్తే ఇక ఆమె పని మానుకోవడమే.

గొడవంతా ఒక్క మాటతో వచ్చింది. నడకదారి పక్కన హెడ్జ్, అంటే నడుమెత్తు మొక్కల వరస, వేయడానికి మా ఆఫీసు వాళ్లు నర్సరీకి ఫోన్ చేసి మెహందీ పంపమన్నారు. మా పనిలో మెహందీ అంటే విలాయతీ మెహందీ, గోరింటతో సంబంధం లేని కంచె మొక్క. ఆకు చేదు, మేక కూడా మూతి పెట్టదు. నర్సరీలో ఎవరో కొత్తవాడు అచ్చమైన గోరింట మొక్కలు పంపాడు. నాటేశారు. అది గుబురుగా పెరిగేదాకా ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఆ ఏడాది చేతులు పండించుకునే ఆషాఢమూ బక్రీదూ ఒకేసారి వచ్చాయి.

ఒక పొద్దున మల్లమ్మ ఫోన్ చేసింది. "సారూ, జల్ది రాండ్రి. హెడ్జ్ ఖతమైంది."

వెళ్లి చూస్తే దాదాపు పుల్లలే మిగిలాయి. సోమవారం ఇన్‌స్పెక్షన్. గ్రీన్ నెట్ తెప్పించి కట్టించాను, మళ్లీ విప్పించి ఇంకా ఎత్తుగా కట్టించాను. ఆ నెట్ పైకెత్తి మిగిలిన ఆకు దూస్తూ ఖాజాబీ పట్టుబడింది. వీధి చివర గాజుల దుకాణం ఆవిడది.

"ఏంటమ్మా ఇది? ప్రభుత్వ మొక్కల్ని ఇలా దూసేస్తారా?"

"అరె బాబా, మెహందీ హై నా? చేతులకు పెట్టనీకె కాదా? ఉత్తగ చూసుకుంట కూసోనీకెనా?"

"చూడ్డానికే!" అని అరిచాను. అన్నాక నా మాట నాకే వింతగా తోచింది.

"అయితే బోర్డు పెట్టు భాయ్, ఇది చూసే మెహందీ అని." కొంగులో ఆకు మూట కట్టుకుని చక్కా పోయింది.

కోపమంతా మల్లమ్మ మీదికి మళ్లింది. "నువ్వేం చేస్తున్నావు? ఎందుకు ఆపలేదు?" అన్నాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. ముందుకు తెమ్మంటే తెచ్చింది. అరచేతులు గోరింటాకుతో ఎర్రగా పండి ఉన్నాయి.

"ఆషాడం గద సారూ. మైదాకు నేనే తెంపుకోమన్న. పైకొసలే తెంపుండ్రి అంటే ఇనలే."

"ఇక్కడి పని పోతే మీ అత్త సంగతేంటి?"

"గదే ఫికరైతుంది. గని అంత ఆకు పెట్టుకొని, అడిగెటోళ్లకు లేదని ఎట్ల చెప్పాలె?"

పైకెత్తిన నెట్ మళ్లీ దించి కట్టి వచ్చేశాను. ఆదివారం ఇంట్లో మా ఆవిడ, "వచ్చేటప్పుడు కాస్త గోరింటాకు తేకూడదూ?" అంది. పళ్లెం ముందునుంచి లేచిపోయాను.

సోమవారం అధికారి వచ్చారు. పుల్లల వరస ముందు ఆగి, "ఏమైంది దీనికి? మాలీ ఎవరు?" అన్నారు. మల్లమ్మ చేతులు చెంగులో దాచుకుంది. నా నోటికి ఏదొస్తే అదే అనేశాను.

"పురుగు పట్టింది సార్. ఆకు తినే పురుగు."

"ఏం పురుగు?"

వెనక బెంచీ మీంచి ఖాజాబీ లేచి వచ్చింది. పండిన రెండు చేతులూ ఆయన ముందు చాపింది.

"నేనే సాబ్ ఆ పురుగు. గల్లీల ఇంక మస్తుగున్నయ్, పిలవాల్నా? ఆమెను మాత్రం ఏమనకుండ్రి."

అధికారి నవ్వు ఆపుకోలేకపోయారు. మల్లమ్మ పని నిలిచింది, హెడ్జ్ మాత్రం నిలవలేదు. పండగ పండక్కీ పుల్లలైతే కుదరదని గోరింట పీకించి విలాయతీ మెహందీ పెట్టించారు.

ఇప్పుడు ఆ వరస ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, ఒక్కరూ ముట్టరు. దాన్ని చూస్తే నాకు ఎందుకో బాధగానే ఉంటుంది. పీకేసిన గోరింట కొమ్మలు కొన్ని మల్లమ్మ పంపు గది వెనక గుచ్చింది, అవి బతికాయి. అధికారులను నేను అటు తీసుకెళ్లను. ఏ పార్కుకైనా మొక్కలు తెప్పించే ముందు ఇప్పుడు ఆ వీధి ఆడవాళ్లను అడుగుతాను, ఇది చూడ్డానికా, కోసుకోవడానికా అని.

ఆషాఢంలో నేను పంపు గది వైపు వెళ్తే ఖాజాబీ ఊరుకోదు. "ఏం సాబ్, పురుగుల మందు తెచ్చినవా?" అంటుంది.

"లేదమ్మా, మా ఇంట్లో కూడా ఒక పురుగుంది, దానికి కాస్త ఆకు కావాలి," అంటాను.