కుండీ నాదే, మొక్క నాది కాదు

ఎమ్మిగనూరులో నేను అద్దెకుంటున్నది మిద్దె మీద గది. ఉత్తరం వైపు ఒకే ఒక్క కిటికీ. బడిలో పాఠాలు చెప్పి వచ్చాక పలకరించడానికి ఏదో ఒకటి ఉండాలని ఆ కిటికీ పక్కన మాన్‌స్టెరా మొక్క పెట్టుకున్నాను. చేటంత ఆకులు, ఆకుల నిండా చిల్లులు. మొదటిసారి చూసినప్పుడు ఇంటి ఓనరు అవ్వ, "ఎవురమ్మా దీన్ని కత్తిరించినది?" అని అడిగింది. దాని తీరే అంతని చెబితే నమ్మలేదు.

అవ్వా, తాతా నేతవాళ్లు. కింద ముందు గదిలో గుంత మగ్గం. గుంతలోకి కాళ్లు దించుకుని కూర్చుని తాత చీరలు నేస్తాడు. పక్కన అవ్వ నూలు కండెలు చుడుతుంది.

వేసవి సెలవుల్లో అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. మూడు వారాలు ఆదోనిలో ఉండాల్సి వచ్చింది. పోయేముందు గది తాళంచెవి అవ్వకిచ్చి, "వారానికొకసారి నీళ్లు పోస్తే చాలు. ఎండలో మాత్రం పెట్టొద్దవ్వా" అని ఒకటికి రెండుసార్లు చెప్పాను.

తిరిగొచ్చి తలుపు తీసేసరికి మొక్క నిగనిగలాడుతోంది. అదే నాకు తేడాగా అనిపించింది. ఆదోనిలో మా ఇంటి తులసే ఆ ఎండలకు వాడిపోయింది. మూడు వారాలు మూసిన గదిలో నేలంతా దుమ్ము పట్టి ఉంటే, ఆకుల మీద మాత్రం ఒక్క మరక లేదు. లెక్కపెట్టాను. పోయేటప్పుడు ఏడాకులు, ఇప్పుడూ ఏడే. అయినా మనసు ఒప్పుకోలేదు.

అంతలో అవ్వ మజ్జిగ తెచ్చింది. ఎప్పుడూ నేరుగా వచ్చి మంచం మీద కూర్చునే మనిషి, ఆరోజు గడప దగ్గరే నిలబడింది.

"మొక్క బాగా ఉందే అవ్వా!"

"ఉంటాది. నువ్వు సెప్పినట్లే నీళ్లు పోసినా" అంది. నేను తాగేదాకా కూడా ఆగకుండా దిగిపోయింది.

ఫోనులో పాత ఫోటో తీసి చూశాను. నా మొక్క పెద్దాకుకు ఎడమవైపు నాలుగు చిల్లులు, కుడివైపు మూడు. దీనికి ఎడమవైపు మూడు, కుడివైపు ఐదు. కుండీ నాదే. మొక్క నాది కాదు.

అక్కడితో ఆగుంటే బాగుండేది. నా మొక్క ఏమైంది? ఎవరికిచ్చింది? నేను లేనప్పుడు ఈ గదిలోకి ఎవరెవరు వచ్చారు? బీరువా తీసి చీరలు చూసుకున్నాను. బియ్యం డబ్బా మూత తీస్తే బియ్యం తగ్గినట్టనిపించింది. ఆదోని పోకముందు ఎంత ఉన్నాయో నాకే గుర్తులేదు, అయినా తగ్గినట్టే అనిపించింది. మూడోరోజు బజారులో కొత్త తాళం కొని వేశాను. మెట్లు దిగుతుంటే లోపల మగ్గం చప్పుడు ఆగేది. నా గురించే ఏదో అనుకుంటున్నారని నమ్మేశాను.

వారం తర్వాత నీళ్లు పోయబోతూ, తడి ఉందేమోనని మట్టిలోకి వేలు గుచ్చాను. పైన నేను కలిపిన ఎర్రమట్టే, పలచగా పరిచినట్టుంది. దాని కింద అంతా నర్సరీవాళ్ల కొబ్బరి పొట్టు. ఆ చేత్తోనే కిందికి దిగాను.

"అవ్వా, పైన ఉండేది నా మొక్క కాదు."

మగ్గం ఆగింది. తాత తలెత్తలేదు. అవ్వ చేతిలోని కండె పక్కన పెట్టింది.

"నువ్వు తాళం మార్చిన పొద్దే అనుకున్నాలేమ్మా, నీకు తెలిసిపోయిందని."

మట్టి చేతిని వెనక్కి పెట్టుకున్నాను. ఆమే చెప్పుకుపోయింది. "సీకట్లో ఒక్కతే ఉండాదని జాలేసి ఎండలో పెట్టినా. ఒక గంటే అనుకున్నా. అంతలో కోడుమూరులో మా సెల్లెలు పడిపోయిందని ఫోనొచ్చె. ఉన్నపళంగా పోతిమి. మర్నాడొచ్చి సూస్తే ఆకులన్నీ అప్పడాల మాదిరి ఉండాయి."

తాత అప్పుడు నోరు విప్పాడు. "ఎండిన ఆకొకటి టవల్లో సుట్టుకోని కర్నూలు పోయినా. నాలుగు నర్సరీలు తిరిగినా. ఏడాకులది యాడా దొరకలే. ఎనిమిదాకులది తెచ్చి ఒకటి కోసేసినా."

ఎండ వేళ బస్సులో ఆ మొక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తాత కళ్ల ముందు మెదిలాడు.

"నాకు చెప్పుంటే సరిపోయేది కదా?"

"అన్నిసార్లు సెప్పి పోతివి. ఏ మొగం పెట్టుకోని సెప్పేది? ఇల్లు ఖాళీ సేస్తావేమో అనుకుంటిమి" అంది అవ్వ.

నా మొక్క ఎక్కడని అడిగాను. తాత గుంతలో నుంచి కాళ్లు తీసి, పక్కకు జరిగి చూపించాడు. గుంత మూలలో పగిలిన బక్కెట్లో జానెడు మోడు. పారేసేదానికి చేయి రాలేదట, నా కంట పడకుండా అక్కడ దాచినాడట. నూలు తెగకుండా గుంతలో ఎప్పుడూ తేమ ఉంచుతారు. ఆ తేమకే ఏమో, మోడు పక్క నుంచి పచ్చటి మొలక ఒకటి పెన్ను పాళీలా పొడుచుకొచ్చింది.

బీరువా వెతికిన సంగతి, బియ్యం డబ్బా సంగతి అవ్వకు చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. ఆ సాయంత్రం కొత్త తాళానికి రెండో చెవి తీసుకుపోయి ఇచ్చాను. అవ్వ చేయి చాపలేదు.

"నీకాడే ఉండనీమ్మా. రేపు ఇంకేమన్నా కనపడకపోతే నన్నే అడుగుతావు."

ఆ మాటలో కోపం లేదు. కోపంగా అనుంటే నేనూ ఏదో ఒకటి అని తేలికపడేదాన్ని.

రెండు నెలలకు అమ్మను డాక్టరుకు చూపించడానికి మళ్లీ నాలుగు రోజులు ఆదోని పోవాల్సి వచ్చింది. నీళ్లు పోస్తావా అని అవ్వను భయపడుతూనే అడిగాను. "కిందికి తెచ్చి మగ్గం కాడ పెట్టి పో. పైన గదిలోకి నేను రాను" అంది. కుండీ మోసుకుని మెట్లు దిగాను. తాత చిలపలుగా చుట్టిన నూలు పక్కకు జరిపి చోటు చేశాడు.

తిరిగొచ్చాక దాన్ని పైకి తీసుకుపోలేదు. ఇప్పుడు కుండీలోదీ, బక్కెట్లో మొలకా రెండూ అక్కడే పెరుగుతున్నాయి. బడి నుంచి వచ్చేటప్పుడు కాసేపు ఆగి, తడిగుడ్డతో ఆకులు తుడుస్తాను. అవ్వ పక్కనే కూర్చుని కండెలు చుడుతుంది. మా మధ్య మాటలు తక్కువే.