పట్టీ మీద కాలు

నాకు కుడిపాదాలు రెండు. ఒకటి ఒంటికి ఉంది, రెండోది బందరులో ఒక చెప్పుల కొట్టు అరమీద ఉంది. ఒంటికున్నది పసితనంలో వచ్చిన పోలియోతో బక్కచిక్కి, పొట్టిగా, మడమ పైకి లేచి ఉంటుంది. అరమీద ఉన్నది చెక్కతో చేసింది. అచ్చం దానిలాగే పొట్టిది, దానిలాగే మడమ ఎత్తుకుని నిలబడుతుంది, కాకపోతే ముసురు పట్టినప్పుడు సలపదు. రెండింట్లో ఏది నాకు ఎక్కువ ఉపకారం చేసిందంటే చెక్కదానికే నా ఓటు.

దాన్ని చెక్కిన మనిషిని నేను బాబాయ్ అంటాను. ఆయన నన్ను పాపగారూ అంటాడు. నా తల సగం నెరిసింది. బంటుమిల్లి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్తున్నాను. నా చేత చెవులు మెలిపెట్టించుకున్నవాళ్ళు రొయ్యల చెరువులు చేసి కార్లలో తిరుగుతున్నారు. అయినా ఆయన కొట్టు మెట్టెక్కితే నేను పాపగారినే.

మాది దివిసీమలో, మోపిదేవికి కాస్త అవతల. చిన్నప్పుడు గుడివాడలో ఎవరో ఇనుప కడ్డీలు బిగించిన బూటొకటి అంటగట్టారు. అది తొడుక్కుని నాలుగడుగులు వేస్తే చీలమండ పుండయ్యేది. నేను దాన్ని కాలవలో పారేశాను. నాన్న తిట్టలేదు, మర్నాడు నన్ను చంకనేసుకుని బస్సెక్కి బందరు తీసుకొచ్చాడు. అప్పటికి బాబాయ్‌కి కొత్తగా పెళ్ళైంది. వాళ్ళ నాన్న పోయాక కొట్టు ఆయన చేతికొచ్చింది.

అంతవరకూ నా కాలిని చూసినవాళ్ళంతా మొహం అదోలా పెట్టి, వేలితో తాకీ తాకనట్టు తాకి వదిలేసేవారు. ఆయన దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తన తొడ మీద పెట్టుకున్నాడు. అప్పుడే పుట్టిన దూడ కాళ్ళు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికేం దిగుల్లేదు పాపగారూ. కాస్త పొట్టి, అంతే. మనం ఎత్తు చేసుకుందాం" అన్నాడు. ఆ 'మనం' అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఇంటికొచ్చాక మా నాయనమ్మ, నేనెవరి ఒళ్ళో కాలు పెట్టివచ్చానో తెలిసి, బావి దగ్గర ఆ కాలిని కడిగించింది. నాయనమ్మ పోయింది, ఆ బావినీ పూడ్చేశారు. నా కోపం మాత్రం పోలేదు.

ఆయన పనిచేస్తుంటే చూడటం నాకు చిన్నప్పట్నించీ సరదా. ముఖ్యంగా ఆ పట్టీ. నడుముకి పెట్టుకునే బెల్టంత వెడల్పున్న తోలు, రెండు కొసలూ కలిపి కుట్టేసి ఉంటుంది. ఆయన పొట్టి పీట మీద కూర్చుని, చెక్కపాదానికి తొడిగిన బూటుని ఎడమ తొడ మీద, మోకాలికి కాస్త ఇవతల పెట్టుకుంటాడు. పట్టీని బూటు మీదుగా వేసి, కిందికి వేలాడే భాగాన్ని ఎడమ పాదంతో తొక్కిపడతాడు. తొక్కితే బూటు తొడకి అతుక్కుపోతుంది, రెండు చేతులూ ఖాళీ అవుతాయి. ఆరెతో తోలుకి బెజ్జం పొడిచి, మైనం రాసిన దారాన్ని ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ లాగుతాడు. కుట్టు పడగానే మడమ ఎత్తుతాడు, బూటు వదులవుతుంది, కాస్త తిప్పి మళ్ళీ తొక్కుతాడు. అలా బూటు చుట్టూ తిరిగొస్తాడు.

మనం పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. పనిముట్టుకి తగిలినా అంతే. ఈ పట్టీతో వచ్చిన తంటా ఏమిటంటే, తొక్కితే తప్ప పని జరగదు. అందుకని వాళ్ళింట్లో ఒక కట్టడి ఉంది. పనిచేసే మనిషి కాలు తప్ప ఇంకెవరి కాలూ దాని మీద పడకూడదు. సాయంత్రం కొట్టు కట్టేముందు ఆ మనిషే దాన్ని కళ్ళకద్దుకుని మేకుకి తగిలించాలి. ఆ పట్టీ వాళ్ళ నాన్నది. ఆయన భార్య, నేను పిన్నీ అని పిలిచే ఆవిడ, కాపరానికొచ్చిన కొత్తలో చూసుకోకుండా దాన్ని దాటిందట. అత్తగారు ఊరుకుంటుందా, దానికి దణ్ణం పెట్టించిందట. ఆ తర్వాత పిన్ని కొట్టు ఊడ్చేటప్పుడు కూడా దాని చుట్టూ తిరిగి వెళ్ళేది.

పోయినేడు వానలకి ముందు నా బూట్లు పాతబడ్డాయని కొత్తవి మొదలుపెట్టాడు. తోలు కోసి, నానబెట్టి, నా చెక్కపాదాల మీద లాగి మేకులు కొట్టాడు. ఇక అడుగు తోలు కుట్టడమే తరువాయి. ఇంతలో ఆయన ఎడమ కాలికి పుండు పడింది. ఆయనకు షుగరు, పుండు పడిన సంగతే తెలియలేదు. పట్టీని తొక్కే చోటే, అరికాల్లో. తెలిసేసరికి నల్లబడింది. విజయవాడ తీసుకెళ్తే చీలమండ పైకంటా తీసేశారు.

ఆయన ఇంటికొచ్చి, గాయం మానాక చూడ్డానికి వెళ్ళాను. కొట్లోనే కూర్చున్నాడు, పీట మీద కాదు, కుర్చీలో. గెడ్డం చేసుకున్నాడు, చొక్కా ఇస్త్రీది. నాకు ఏడుపొచ్చింది. ఆయన నన్ను ఏడవనివ్వలేదు.

"ఇంక నేనూ మీ జట్టే పాపగారూ" అని నవ్వాడు. తర్వాత పక్కనున్న గుడ్డసంచీ చూపించాడు. అందులో నా చెక్కపాదాలున్నాయి, సగం కుట్టిన బూట్లు వాటికి తొడిగే ఉన్నాయి. "కొట్టు తీసేద్దామనుకుంటున్నాను. మీ పాదాలు మీరు పట్టుకెళ్ళండి. ఎవరిచేతన్నా కుట్టించుకోండి. ఈ చెక్కవి మాత్రం పారేసుకోకండే."

"ఎవరు కుడతారు?" అన్నాను. నాకు కోపం వస్తే గొంతు బడిలోలాగా లేస్తుంది. "చేతులకేమైంది మీకు?"

"చేతులకేం కాలేదమ్మా. పట్టేవాడేడీ?" అన్నాడు తొడ మీద కొట్టుకుంటూ.

కుడికాలితో తొక్కవచ్చుగా అని మీకు అనిపించినట్టే నాకూ అనిపించింది. అదీ అయిందని పిన్ని చెప్పింది. కుడి పాదానికీ స్పర్శ లేదు. డాక్టరు ఆ కాలి మీద ఏ ఒత్తిడీ పడనివ్వొద్దన్నాడు. ఆవిడ బజారుకెళ్ళినప్పుడు ఈయన పట్టీ కుడివైపు వేసి తొక్కాడు. తిరిగొచ్చి చూస్తే అరికాల్లో బొబ్బ. "రెండోదీ పోగొట్టుకుని నన్నేం చేద్దామని?" అని ఆవిడ అరిచిన అరుపు పక్క వీధిదాకా వినపడిందట. ఆ కాలు పోకుండా ఉండాలి, పనీ ఉండాలి. ఇవి రెండూ ఒకచోట ఇమడవని తేల్చుకునే ఆయన సంచీ కట్టాడు.

నేను సంచీ తీసుకోలేదు. వాళ్ళబ్బాయికి ఫోన్ చేశాను. అతనికి గుడివాడలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. ఆదివారం నేను వెళ్ళేసరికి అతనూ వచ్చాడు, ఊరికే రాలేదు. చిలకలపూడిలో గిల్టు నగలు చేసే స్నేహితుణ్ణి అడిగి, బల్లకి బిగించే ఇనప వైసు ఒకటి తెచ్చాడు. మర తిప్పితే రెండు దవడలూ దగ్గరికొచ్చి వస్తువుని పట్టుకుంటాయి. అందరం సంబరపడ్డాం. బాబాయ్ నా కుడిబూటు తీసి అందులో పెట్టి బిగించాడు. ఒక కుట్టు వేశాడు. మర విప్పాడు, బూటు తిప్పాడు, మళ్ళీ బిగించాడు. ఇంకో కుట్టు. మళ్ళీ మర. గట్టిగా బిగిస్తే తోలు మీద దవడల గుర్తులు పడ్డాయి, గుడ్డ చుడితే బూటు జారిపోయింది. ఆయన ఆరె కింద పెట్టేశాడు.

"ఇది నగలకి పనికొస్తుంది నాయనా. బూటు ఊరికే ఒక్కచోట ఉండదు గదా" అన్నాడు కొడుకుతో. ఆ కుర్రాడి మొహం చూడలేకపోయాను. బస్సుకి టైమైందని వెళ్ళిపోయాడు.

అప్పుడు నేను పిన్నితో అన్నాను: "మీరు పక్కన కూర్చుని తొక్కిపట్టచ్చు కదా?"

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "అన్నం పెట్టే పట్టీ టీచరుగారూ. దాని మీద నేను కాలేస్తానా? మా అత్త పైనుంచి చూడదా?" అని లోపలికెళ్ళిపోయింది. బాబాయ్ కూడా తల అడ్డంగా ఊపాడు.

నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ మీద కాదు. ఒక్క కాలు కావాలి, తొక్కడానికి ఒక్క కాలు. ఊరినిండా కాళ్ళున్నాయి. నేను లేచి మేకుకున్న పట్టీ తీశాను. బాబాయ్‌ని కుర్చీలోంచి పీట మీదికి దింపాను. ఆయన ఎడమ పక్కకి ఇంకో పీట లాక్కుని, భుజానికి భుజం ఆనించి కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, ఆయన వైపున్నది నా కుడికాలని, అంటే పనికిరాని కాలని. ఆ పక్కన కూర్చుంటే ఇంకో దారి లేదు.

"తప్పమ్మా, వద్దు" అన్నాడు.

"తప్పా? ఈ కాలు ఎన్నేళ్ళు మీ తొడ మీద పెట్టుకున్నారు బాబాయ్? అప్పుడు లేని తప్పు ఇప్పుడెక్కణ్ణించొచ్చింది? మా నాయనమ్మలాగా మాట్లాడకండి."

ఆయన బూటు తొడ మీద పెట్టుకుని పట్టీ వేశాడు. కింద వేలాడుతున్న దాంట్లోకి నా కాలు దూర్చాను. నా కాలికి స్వతహాగా నొక్కే బలం లేదు. నడిచేటప్పుడు అరచేత్తో తొడని నొక్కి పడతాను, అప్పుడు గాని మోకాలు నిలవదు. అలాగే నొక్కాను. ఆయన ఎత్తుచేసి కుట్టిన పాత బూటు అడుగు పట్టీ మీద గట్టిగా కూర్చుంది. కొత్త బూటు ఆయన తొడకి అతుక్కుంది.

ఆరె దిగింది. దారం అటూ ఇటూ వచ్చింది. "ఊఁ" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "వదలండి!" అని అరిచాడు. వదిలేసరికి బూటు కిందపడింది. "అంతలా కాదు పాపగారూ! కాస్త!" నా జన్మలో ఆయన నన్ను కసరడం అదే మొదలు. చెప్పొద్దూ, నాకు భలే సంతోషమేసింది. కసిరాడంటే పనిలో పడ్డాడని.

కాసేపటికి ఊఁ అంటే వదలడం, ఆయన మోచెయ్యి నా పక్కకి తగిలితే నొక్కడం పట్టుబడింది. కానీ నా తొడ వణకడం మొదలుపెట్టింది. దాచుకుందామని చూశాను. గుమ్మంలో టీగ్లాసులతో పిన్ని ఎప్పట్నించి నిలబడి ఉందో తెలియదు. గ్లాసులు బల్ల మీద పెట్టి నా దగ్గరికొచ్చింది.

"లేవండి టీచరుగారూ. మీ కాలు వణికిపోతోంది."

"మరి మీ అత్తగారో?"

"ఆవిడతో నేను చూసుకుంటాను, లేవండి" అంది.

లేచాను. ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుని నా పీట మీద కూర్చుంది. వంగి పట్టీని రెండు చేతులతో ముట్టుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత కాలు పెట్టింది. బాబాయ్ ఆవిడ వైపు చూడలేదు, బూటు వైపే చూస్తూ ఆరె తీసుకున్నాడు. ఒక్క ఊఁ కూడా అనాల్సిన పని పడలేదు. ఇన్నేళ్ళూ గుమ్మంలోంచి చూసిన పనేగా, ఎప్పుడు వదలాలో ఆవిడకి ముందే తెలుసు.

పొద్దు వాలేసరికి కుడిబూటు చుట్టూ కుట్టు తిరిగొచ్చింది. ఎప్పట్లాగే బాబాయ్ పట్టీని కళ్ళకద్దుకున్నాడు. మేకుకి తగిలించడానికి లేవలేడు కదా, నేను అందుకోబోయాను. ఆయన నాకివ్వలేదు. పిన్నికి చాపాడు. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని అందుకుని, తనూ అద్దుకుని తగిలించింది. కన్నీళ్ళు పెట్టుకున్నది నేనొక్కదాన్నే, వాళ్ళలో టీ చల్లారిపోయిందన్న బాధే కనపడింది.

బూటులోంచి చెక్కపాదాన్ని ఊడలాగి నా చేతికిచ్చాడు. మొన్న ఆయన కట్టిన సంచీ ఇంకా అక్కడే ఉంది. ఎందుకైనా మంచిదని దాన్ని అందులో వేయబోయాను.

"అందులో ఎందుకూ?" అన్నాడు. "అరమీద పెట్టండి పాపగారూ. వచ్చే ఏడు మళ్ళీ కావాలిగా."