క్లచ్ లేని రెండు కార్లు

1961 ఏప్రిల్‌లో నన్ను నల్లగొండ వర్క్‌షాపు నుంచి మహబూబ్‌నగర్‌కు హెడ్ మెకానిక్‌గా బదిలీ చేశారు. చెరువులూ కాలువలూ సర్వే చేసే సర్కారు శాఖ అది. హెడ్ మెకానిక్ అంటే పెద్ద హోదా అనుకునేరు. నా కింద ఇద్దరు ఫిట్టర్లు, ఒక వెల్డింగు మనిషి ఉండేవారు. నా పైన మిగతా లోకమంతా ఉండేది. మోత్కూర్‌లో నాలుగో తరగతితో బడికి దండం పెట్టి, ఆ చేత్తోనే ఇంట్లో మగ్గానికీ దండం పెట్టి, లారీల కిందికి దూరినవాణ్ణి నేను. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా వస్తే గుర్తుపడతాను, గుంపుగా వస్తే తప్పుకుంటాను.

షెడ్డులో నాకు అప్పగించినవి మూడు జీపులు, ఒక ట్రక్కు, ఒక అమెరికా కారు. సర్వేకు వచ్చిన విదేశీ నిపుణుడు ఒకాయన భార్యాపిల్లలతో తిరగడానికి తెచ్చుకుని, పని ముగిశాక శాఖకే వదిలి వెళ్ళిన కారది. ముందు సీటులో ముగ్గురు, వెనక ముగ్గురు సుఖంగా కూర్చోవచ్చు. దానికి క్లచ్ పెడల్ లేదు. గేర్లు వాటంతటవే మారతాయి.

దాని డ్రైవరు మొయినుద్దీన్. నలభై ఏళ్ళుంటాయి. ఒకప్పుడు లారీ నడిపేవాడు. అది బోల్తా పడి ఎడమ కాలు మోకాలి కింద చచ్చుబడింది. మామూలు బండిలో క్లచ్ తొక్కేది ఎడమ కాలే కాబట్టి, ఆ జిల్లా మొత్తంలో అతను నడపగలిగిన బండి ఇదొక్కటే. లైసెన్సు మీద కూడా క్లచ్ లేని బండికి మాత్రమే అని రాసి ఇచ్చారు. అతనిది వర్క్‌చార్జ్‌డ్ ఉద్యోగం, అంటే పని ఉన్నన్నాళ్ళే జీతం. తీసెయ్యడానికి ఒక్క కాగితం చాలు.

"అల్లా నా కాలు తీస్కపోయి గీ బండికి పెట్టిండు ఉస్తాద్," అనేవాడు. మెకానిక్కులను ఉస్తాద్ అనడం ఆ పక్క మర్యాద.

"గట్లనా భాయ్. మరి కాలికి పెట్రోల్ గింత తాపుతరా?" అనేవాణ్ణి.

ఇక ఆ కారు సంగతి. ఇంజన్‌కూ గేరు పెట్టెకూ మధ్య రెక్కలున్న రెండు గిన్నెలు ఎదురెదురుగా నూనెలో మునిగి ఉంటాయి. ఇంజన్ ఒక గిన్నెను తిప్పితే, నూనె తోపుకు రెండోది తిరుగుతుంది. వెనక పెట్టెలో నాలుగు గేర్లు ఉంటాయి. మారినప్పుడల్లా వెనక సీటు వాళ్ళకు ఒక చిన్న కుదుపు తెలుస్తుంది. స్టీరింగు కింద ఉన్న కడ్డీ దగ్గర ఎన్, డి, ఎల్, ఆర్ అని నాలుగు గుర్తులు. ఆర్ అంటే రివర్సు, చిట్టచివర ఉంటుంది. ఆ పెట్టెకు ఒక గుణం ఉంది. కడ్డీని ఆర్ లో పెట్టి ఇంజన్ ఆపితే లోపల స్ప్రింగులు గేర్లను పట్టి ఉంచే ఇనుప పట్టీలను బిగించేస్తాయి. బండి ఎంత వాలులో ఉన్నా కదలదు.

మొయినుద్దీన్ బండి ఆపే పద్ధతి అదే. పార్కింగు బ్రేకు లేక కాదు. ఆ కారులో అది ఎడమ చివర నేల దగ్గర పెడల్ రూపంలో ఉంటుంది, ఎడమ కాలితో నొక్కాలి. దాన్ని నొక్కే బలం అతని ఎడమ కాలికి లేదు. అందుకని ఆర్ లో పెట్టి, తాళం చెవి తీసుకుని దిగేవాడు. నేను వచ్చేనాటికి అతని చెయ్యి ఆ అలవాటులో రెండేళ్ళు నడిచింది.

మరుసటి ఏడు వానల్లో ఆ పెట్టెలో గేరు పళ్ళు విరిగాయి. విదేశీ సామాను తెప్పించాలంటే పర్మిట్లు కావాలి. పర్మిట్లు కావాలంటే ఇంకో జన్మ కావాలి. మొయినుద్దీన్ రోజూ వచ్చి నడవని బండిని తుడిచి వెళ్ళేవాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తుంటే, "అద్దం పలచబడి పోతది భాయ్," అన్నాను. నవ్వలేదు. ఇంట్లో అయిదుగురు తినేవాళ్ళు.

ఇరవై రోజులకు హైదరాబాదు ఆఫీసు నుంచి ఇంకో అమెరికా కారు పంపారు. చూడటానికి మొదటిదానికి చెల్లెలు. దీనికీ క్లచ్ లేదు, పార్కింగు బ్రేకు పెడల్ కూడా అదే ఎడమ మూల. కానీ లోపలి పెట్టె వేరు. గేర్లు రెండే. గిన్నెల మధ్య మూడో రెక్కల చక్రం ఒకటి నిలబడి నూనె తోపును పెంచుతుంది. కుదుపు లేదు, నెయ్యి కరిగినట్టు పోతుంది, పెట్రోలు మాత్రం ఎక్కువ తాగుతుంది. నూనె కారుతోందని నేను పెట్టె విప్పి చూశాను కాబట్టి అసలు తేడా నాకు తెలుసు. ఇందులో పట్టీలను బిగించేది స్ప్రింగు కాదు, నూనె ఒత్తిడి. ఇంజన్ ఆగితే ఒత్తిడి పోతుంది, పట్టీ వదులవుతుంది. ఆర్ లో పెట్టి ఆపితే ఏమీ పట్టుకోదు. అందుకే ఈ కారులో మొదట పి అనే గుర్తు అదనంగా ఉంది. అది వేస్తే ఒక ఇనుప కొక్కెం గేరు పళ్ళ మధ్య పడి చక్రాలను బంధిస్తుంది. ఆర్ మాత్రం రెండు కార్లలోనూ ఒకేచోట, చిట్టచివర.

కొత్త బండి ఇచ్చే ముందు డ్రైవరుకు అన్ని మీటలూ చూపించి, చూపించానని హెడ్ మెకానిక్ సర్టిఫికెట్ మీద సంతకం చేయాలి. గంటసేపు మైదానంలో తిప్పాను. మైదానం చదును. మొయినుద్దీన్ సంతోషంలో ఉన్నాడు. ఫిట్టర్లు చుట్టూ నిలబడ్డారు.

"గీ మొదటి అక్షరం కొత్తగున్నది ఉస్తాద్. గిదేంది?"

"గది అత్తగారింటి ముంగట బండి ఆపినప్పుడు ఏసేది. నీ అత్తగారిల్లు మన డ్యూటీల లేదు గద, ఇడిసిపెట్టు."

అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. నవ్వు ఆగాక చెబుదామనుకున్నాను. ఇంతలో మా శాఖ ఇంజనీరుగారి జీపు స్టార్టు కావడం లేదని కబురు వచ్చింది. సర్టిఫికెట్ మీద సంతకం చేసి అటు పోయాను.

మూడో వారంలో కోస్గి క్యాంపు. అప్పటిదాకా ఆ బండి ఆగినవన్నీ చదును చోట్లే. బంగళా ఎత్తు మీద ఉంటుంది, దాని ముందు దారి వాలుగా, నేత పనిచేసే సాలోళ్ళ వీధిలోకి దిగుతుంది. ఉదయం ఎనిమిది గంటలకు నేను బంగళా పక్కన జీపు కింద ఉన్నాను. మొయినుద్దీన్ ఇంజనీరుగారిని దింపి, కడ్డీ ఆర్ లోకి తోసి, ఇంజన్ ఆపి, డిక్కీలో సామాను తియ్యడానికి దిగాడు. కారు ముందుకు కదిలింది. ఒంటికాలితో వెనక బంపరు పట్టుకుని కొంతదూరం కారు వెంట ఈడ్చుకుంటూ పోయాడు. తర్వాత వదిలేశాడు.

కింద వీధి పొడుగునా కర్రల మీద పడుగు చాపి గంజి పెడుతున్నారు. పడుగు అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు. అంత పొడుగు దారాలను ఇంట్లో చాపే జాగా ఉండదు, వీధే కావాలి. అరుపులు విని అందరూ తప్పుకున్నారు. నరసింహులు అనే ఆయన మాత్రం పడుగును పక్కకు లాగాలని చూశాడు. కారు దారాలను చుట్టుకుంటూ పోయి గోడకు కొట్టింది. గోడకూ బంపరుకూ మధ్య ఆయన కుడి మణికట్టు ఉంది.

నేను చేరేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి వైపు చూడటం లేదు. నేను అలవాటుగా తెగిన దారాలను పోగుచేస్తుంటే నన్నే చూశాడు.

"దారం పట్టే తీరు చూస్తె మనోనివే అనిపిస్తాంది. చెప్పు బిడ్డా, పడుగు అతుకుతదా?"

అతకదు. చూడగానే తెలుస్తోంది.

"అతుకుతదే పెదనాయినా, ఫికర్ చెయ్యకు," అన్నాను.

మహబూబ్‌నగర్ దవాఖానలో కట్టు కట్టారు. ఎముక సరిగా కూడలేదు. ఆ చెయ్యి మళ్ళీ మగ్గం మీదికి రాలేదని తర్వాత విన్నాను. శాఖ ఆయనకు ఏమైనా ఇచ్చిందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు.

నాలుగో రోజు ఇంజనీరుగారి గదిలో విచారణ జరిగింది. ఆయన కోస్తా మనిషి. చెడ్డవాడు కాదు, కాగితం ప్రకారం పోయేవాడు. నా సర్టిఫికెట్ ఆయన ముందుంది. మొయినుద్దీన్ తలుపు దగ్గర కర్ర ఆనించుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఈ బండిలో రివర్సు వేస్తే ఆగదని, పి వేయాలని ఇతనికి చెప్పావా?"

చెప్పలేదంటే తప్పుడు సర్టిఫికెట్ ఇచ్చినట్టు నాకు ఛార్జి మెమో వస్తుంది. ఆ ఏడాదే ఫోర్‌మన్ పోస్టుకు నా పేరు పోయి ఉంది. పర్మనెంటు ఉద్యోగిని కాబట్టి నన్ను తీసెయ్యరు, ఫోర్‌మన్ పోస్టు మాత్రం పోతుంది. ఇదంతా లెక్కవేసుకోవడానికి నాకు ఒక గుటక మింగేంత సమయం సరిపోయింది.

"చెప్పిన సార్," అన్నాను.

ఇంజనీరుగారు అటు తిరిగారు. మొయినుద్దీన్ నన్ను చూశాడు. కోపంగా కాదు, ఏదో వెతుక్కుంటున్నట్టు.

"చెప్పే ఉంటడు సార్. ఉస్తాద్ మర్చిపోయేటోడు గాదు. నేనే మర్చిపోయినట్టున్న."

నివేదికలో కాలు గురించే రాశారు. పార్కింగు బ్రేకు నొక్కలేని మనిషిని డ్రైవరుగా పెట్టుకోవడమే తప్పు అని. అది అబద్ధం కూడా కాదు, అదే దాని బలం. అతన్ని తీసేసే ఉత్తర్వు టైపయి, సంతకమై రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ ఇంజనీరుగారు ఊళ్ళోనే ఉన్నారు. ఆయన గది నా షెడ్డుకు ముప్ఫై అడుగులు. రోజూ ఆ గది ముందు నుంచే టీకి పోయేవాణ్ణి.

చివరి రోజు మొయినుద్దీన్ తాళం చెవులు అప్పగించి గేటు దగ్గర ఆగాడు.

"ఒక్క మాట ఉస్తాద్. ఎన్నడు చెప్పినవో నాకు యాదికొస్తలేదు. మైదానంలనా, షెడ్డులనా? రాత్రి పండుకుంటె గదే గుర్తుకు తెచ్చుకుంట. దిమాక్ గూడ పాడైందేమో అని భయమైతాంది."

"నీకు యాదికుండేది బిర్యానీ ఒక్కటే గద భాయ్," అన్నాను.

మర్యాదకు నవ్వాడు. "గంతే ఉస్తాద్," అని కర్ర పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ కారును రెండు కాళ్ళున్న ఇంకో డ్రైవరుకు ఇచ్చారు. అతన్ని వాలు మీదికి తీసుకుపోయి, ఆర్ లో ఆపితే దొర్లడం, పి లో ఆపితే నిలవడం చేసి చూపించాను. ఒక్క నిమిషం పట్టింది.

మరుసటి ఏడు ఫోర్‌మన్‌గా నల్లగొండ పోయాను. మొయినుద్దీన్‌ను ఒకసారి జడ్చర్ల రోడ్డు మీద బస్సు కిటికీలోంచి చూశాను. నేల మీద కూర్చుని లారీ టైరుకు గాలి కొడుతున్నాడు. బస్సు అక్కడ అయిదు నిమిషాలు ఆగింది. నేను దిగలేదు. కొన్నేళ్ళకు, తన మతిమరుపు వల్లే నరసింహులు చెయ్యి పోయిందని ఇంట్లోవాళ్ళతో అంటూనే చనిపోయాడని తెలిసింది.

ఫోర్‌మన్ అయ్యాక నా వర్క్‌షాపులో సర్టిఫికెట్ పద్ధతి మార్చాను. కొత్త బండిని డ్రైవరు స్వయంగా వాలు మీద ఆపాలి, ఇంజన్ ఆపి దిగాలి, నేను ఆ బండి ముందు నిలబడతాను. తర్వాత సంతకం నేర్పినవాడు కాదు, నేర్చుకున్నవాడు చేస్తాడు. నేర్పామన్న సంగతి నేర్పినవాడి నోటి మాట మీద ఆధారపడకూడదని ఆ కారు వల్ల తెలుసుకున్నాను. రిటైరయ్యేదాకా నా కింద ఏ బండీ దొర్లలేదు. మొయినుద్దీన్‌కు మాత్రం ఆ పద్ధతి దేనికీ పనికిరాలేదు. అతనికి కావలసింది పద్ధతి కాదు, ఆ గదిలో నేను "చెప్పలేదు సార్" అనడం. దానికి నాకు ఒక గుటకంత సమయం, ఆ తర్వాత ఎనిమిది రోజులు, ఆ తర్వాత బస్సు ఆగిన అయిదు నిమిషాలు దొరికాయి.