మెమోకు మార్కులు వేసిన రాజమణి టీచరు

రాజమణి టీచరును మా బడి నుంచి పంపించేసి ఏడాది దాటింది. ఆమె గురించి చెప్పే అర్హత నాకు లేదు. పన్నెండేళ్లు ఒకే స్టాఫ్‌రూంలో కూర్చున్నాం. ఆమె ఒక్కతే నిలబడి మాట్లాడిన రోజున నేను తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాను. అయినా ఇంకెవరూ చెప్పడం లేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

ఆమెది హైదరాబాద్ పాతబస్తీలో మా బడి ఉన్న ఛత్రినాకే. తండ్రి శివయ్య బేగంబజార్‌లో హమాలీ, మిర్చి బస్తాలు మోసేవాడు. ఆయనకు చదువు రాదు. ఏ బస్తా ఏ దుకాణానికో సేటు చీటీ రాసిస్తే, సెలవు రోజుల్లో వెంట వచ్చిన బిడ్డతో చదివించుకునేవాడు. ఒకసారి ఆమె ఒక అక్షరం తప్పు చదివింది. శివయ్య నాలుగు బస్తాలు వేరే గల్లీలో దింపి, మళ్లీ ఎత్తుకుని వెనక్కి మోశాడు. బిడ్డను ఒక్క మాట కూడా అనలేదట. అనకపోవడమే తనకు పెద్ద దెబ్బని ఆమె చెప్పేది. అక్షరం తప్పు పోతే ఎవరి వీపు మీద బరువు పడుతుందో ఆమెకు ఎనిమిదేళ్లకే తెలుసు.

తర్వాత తెలుగు పండిత శిక్షణ చేసి, డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకుని, కొన్నేళ్లకు తాను చదివిన బడికే టీచరుగా వచ్చింది.

ఆ బడి గురించి చెప్పాలి. ఏడు గదులు, మూడు వందల నలభై మంది పిల్లలు. ఎనిమిది, తొమ్మిది తరగతులకు మధ్య గోడ లేదు, రెండు బీరువాలు ఉన్నాయి. అటు లెక్కలు చెబుతుంటే ఇటు పద్యం వినపడదు. హాజరు వేయడానికి ఫోన్‌లో ముఖం చూపించాలి. సిగ్నల్ అందేది నీళ్ల ట్యాంకు పక్కన ఒక్కచోటే. రోజూ పొద్దున అందరం అక్కడ ఫోన్లు పైకెత్తి నిలబడేవాళ్లం. ఆడటీచర్లు పదకొండు మందికి ఒకటే మరుగుదొడ్డి. దానికి తాళం. తాళంచెవి హెడ్మాస్టర్ టేబుల్ సొరుగులో. హెడ్మాస్టర్ గది మీద ఇంకో తాళం.

ఆ హెడ్మాస్టర్ పేరు విశ్వేశ్వర్. పైన ఈ ఏరియా బడులన్నీ చూసే విద్యాధికారి, డిప్యూటీ ఈవో పోస్టు ఖాళీగా ఉందని దాని ఇన్‌ఛార్జి కూడా ఆయనకే ఇచ్చారు. రెండు కుర్చీలు దొరికిన మనిషి ఒక్కదాంట్లో కూడా పని చేయనక్కర్లేదని కనిపెట్టింది ఆయనే. బడికి వారానికి ఒకరోజు వచ్చేవాడు. వచ్చినరోజు మధ్యాహ్న భోజనం పళ్లెం పట్టుకుని ఫోటో దిగేవాడు, ముద్ద మాత్రం నోట్లో పెట్టేవాడు కాదు. తాళంచెవి అడిగితే, “పైనుంచి విజిటర్స్ వస్తరు మేడం, క్లీన్‌గ ఉండాలె కదా,” అనేవాడు. విజిటర్లు రాలేదు. ఆడటీచర్లు ఇంటర్వెల్‌లో రెండు ఇళ్ల అవతల ఉన్న మాణిక్యమ్మ అనే ముసలావిడ ఇంటికి వెళ్లి, ఆమె దయ మీద అవసరం తీర్చుకునేవాళ్లు. అట్లా నాలుగేళ్లు. రాజమణి టీచరు మూడుసార్లు కాగితం రాసిచ్చింది. మిగతావాళ్లను సంతకం పెట్టమంటే “చూద్దాం మేడం” అన్నారు. అన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

నిరుడు వానాకాలంలో పైనుంచి ఒక సర్వే వచ్చింది. పని పరిస్థితులు ఎట్లా ఉన్నాయి, మీ నాయకత్వం మీకు అండగా ఉందా అంటూ టీచర్లను ఇరవై నాలుగు ప్రశ్నలు అడిగారు. జవాబులు గోప్యంగా ఉంచుతామని మొదటి వాక్యం. రెండో వాక్యంలో ఉద్యోగి నంబరు రాయమన్నారు.

విశ్వేశ్వర్ అందరినీ చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దగ్గరి ఫంక్షన్‌హాల్‌కు పిలిపించాడు. చుట్టుపక్కల బడుల టీచర్లం రెండు వందల మందిదాకా ఉన్నాం. ఆయన మైకు పట్టుకుని, “అందరు ఫోన్లు తీయుండ్రి. ఫస్ట్ క్వశ్చన్. అయిదో గడి నొక్కుండ్రి,” అన్నాడు. అయిదో గడి అంటే ‘చాలా సంతృప్తి’. చదువుకున్నవాళ్లం, డిగ్రీలు ఉన్నవాళ్లం, రెండు వందల మందిమి బొటనవేళ్లు ఆడించాం. ఒకటో తరగతి పిల్లలు కూడా అంత క్రమశిక్షణగా పలకలు పట్టరు.

పద్దెనిమిదో ప్రశ్న దగ్గర రాజమణి టీచరు లేచింది.

“సార్, మీ గురించే అడుగుతుండ్రు ఇందుల. మీరే నిలవడి చెప్తుంటే మేమెట్ల నింపాలె?”

“మేడం, మన ఏరియాకు ర్యాంకు రావాలె. గిది అందరి ఇజ్జత్ సవాల్.”

“ఇజ్జత్ ఉన్నోళ్లు పక్కింటికి పోయి తలుపు కొట్టరు సార్,” అని కూర్చుంది.

వెనక ఎవరో నవ్వారు. నవ్వి, వెంటనే అయిదో గడి నొక్కారు. నేనూ నొక్కాను. ఆమె మాత్రం నిజం నింపింది. చివర ‘మీరు చెప్పదలచుకున్నది’ అన్నచోట తాళం సంగతి, బీరువాల సంగతి, వారానికి ఒకరోజు సంగతి వరసగా రాసింది. ఒక్క దూషణ మాట లేదు.

సర్వేలో తాళం సంగతి ఎందుకు రాశావంటూ వారం తిరగకుండా మెమో వచ్చింది. మెమోలు ఎప్పుడూ ఇంగ్లీషులో వచ్చేవి. తెలుగు టీచరు కదా అని వెటకారానికో ఏమో, విశ్వేశ్వర్ దీన్ని స్వయంగా తెలుగులో రాశాడు. మా అటెండర్ మొగులయ్య తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నిదానంగా చదివింది. బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసింది. పరీక్ష పేపర్లు దిద్దినట్టే దిద్దడం మొదలుపెట్టింది.

‘క్రమసిక్షన’ కింద గీత. ‘ఉల్లంగన’ కింద గీత. ‘సంజాయిసి’ చుట్టూ సున్నా. ఇరవై వరసల కాగితంలో పదమూడు తప్పులు. పద్నాలుగోది కింద సంతకం దగ్గర, ‘విద్యా అదికారి’ అని ఉంది. తన పదవి పేరు తానే తప్పు రాసుకున్న మనిషి! ఆమె ఆ ‘ద’కు ఒత్తు పెట్టి, పైన ‘ఇరవైకి ఆరు’ అని మార్కులు వేసింది. ‘శ్రద్ధ అవసరం. మళ్లీ రాసి చూపించాలి’ అని సంతకం చేసి, మొగులయ్య చేతికే తిరిగి ఇచ్చింది.

మర్నాడు విశ్వేశ్వర్ పొద్దున్నే బడికి వచ్చాడు. అది ఆయన వచ్చే రోజు కాదు. గది తలుపు తెరిచే ఉంది. మేం వరండాలో, వినపడే దూరంలో, ఏమీ విననట్టు నిలబడ్డాం.

“ఏంది మేడం ఇది? మెమోకు ఎవరన్న మార్కులేస్తరా?”

“తప్పులుంటే దిద్దుడే నా నౌకరి సార్. జీతం గందుకే ఇస్తుండ్రు.”

“సస్పెండ్ చేయిస్త. మజాక్ అనుకుంటున్నవా?”

“చేయుండ్రి. నా జవాబు అదే కాయితం. ఫైల్ల పెట్టి పైకి పంపుండ్రి.”

సస్పెండ్ చేయాలంటే ఆ కాగితం పైకి పోవాలి. పోతే పైవాళ్లు ముందు చూసేది ఎర్ర గీతలు, తర్వాత తాళం కథ. విశ్వేశ్వర్‌కు తెలుగు రాకపోయినా ఆ మాత్రం లెక్క వచ్చు.

“తాళంచెవి గురించి నాకు చెప్తే అయిపోతుండె కదా మేడం,” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

“మూడు పాలి రాసిచ్చిన. మీ సొరుగులనే ఉండొచ్చు, తాళంచెవి పక్కన.”

ఆ సాయంత్రమే తాళంచెవి మొగులయ్యకు అప్పజెప్పారు. మెమో సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పది రోజులకు ‘పరిపాలనా కారణాల రీత్యా’ రాజమణి టీచరును చాంద్రాయణగుట్ట అవతల ఒక ప్రైమరీ స్కూలుకు డిప్యుటేషన్ మీద పంపారు. పదో తరగతికి సగానికి పైగా సిలబస్ మిగిలి ఉంది. ఆ పిల్లలకు మార్చిదాకా తెలుగు చెప్పేవాళ్లు లేరు. ఎవరైనా అడిగారా? మేం మా పీరియడ్లు సర్దుకున్నాం.

వెళ్లేరోజు స్రవంతి అనే సైన్స్ టీచరు ముందుపడి ఒక శాలువా తెప్పించింది. కప్పబోతే రాజమణి టీచరు చేత్తో ఆపింది.

“మీరే కప్పుకోండ్రి. వణుకుతున్నది మీరు, నేను గాదు.”

అంతే. టిఫిన్‌ బాక్సు, తాను రాసిచ్చిన మూడు కాగితాల నకళ్లు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. గేటుదాకా వెంట నడిచింది మొగులయ్య ఒక్కడే.

సర్వే ఫలితాలు వచ్చాయి. నాయకత్వం మీద తొంభై ఏడు శాతం టీచర్లు చాలా సంతృప్తిగా ఉన్నారట. సెప్టెంబరు అయిదున వేదిక మీద విశ్వేశ్వర్‌కు దండ వేశారు. మేం చప్పట్లు కొట్టాం. మరుగుదొడ్డి మాత్రం అప్పటి నుంచి తెరిచే ఉంటోంది. వాడుకునేవాళ్లలో ఒక్కరు కూడా ఆమె పేరు ఎత్తగా నేను వినలేదు.

పోయిన నెల ఏదో ట్రైనింగ్ కోసం అటువైపు వెళ్లి, ఆమె బడిలోకి తొంగి చూశాను. ఒకే గదిలో రెండు తరగతులు. ఆమె నేల మీద కూర్చుని, ఒక పాపకు ‘ఱ’కూ ‘ఐ’కీ తేడా దిద్దిస్తోంది. నన్ను చూసి కుర్చీ చూపించింది, నీళ్లు ఇప్పించింది. పాత బడి సంగతులు ఏమీ అడగలేదు. నాకే ఉండబట్టలేదు.

“మీకు అన్యాయం జరిగింది మేడం. ఆ రోజు నేను మాట్లాడాల్సింది.”

ఆమె పలక మీదనుంచి తల ఎత్తలేదు.

“నువ్వు చెడ్డోనివి కాదు సారూ. ఆ హాల్ల ఉన్నోళ్లంత నీ లెక్క మంచోళ్లే. గందుకే ఆయన పని అంత సులువుగ అయ్యింది.”

పాప దిద్దడం పూర్తిచేసి పలక చూపించింది. ఆమె దానికి మంచి మార్కు వేసింది. నేను మిగిలిన నీళ్లు తాగి లేచాను.