నార్సిసా రాయని వ్యాసం

ఎల్వియా కిష్పి చదివిన పుస్తకాలు తక్కువ, సరిచేసిన పుస్తకాల పేర్లు లెక్కలేనన్ని. కుయెంకా నగరంలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఇరవయ్యారేళ్లుగా ఆమె పని అదే. పరిశోధనకు నిధులు అడిగే దరఖాస్తు ఏదైనా, దాని చివరి పేజీల్లోని ఆధారాల జాబితా ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. ఇంటిపేరు, ఏడాది, కామా, చుక్క. ఈ విద్యలో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూడా ఓనమాలు రానివాళ్లే. కొండంత పరిశోధన చేసి చుక్క పెట్టడం మరిచిపోతారు. ఆ చుక్క లేదని రాజధాని కీటోలో కూర్చున్న నిధుల కమిటీ దరఖాస్తు తిప్పి పంపుతుంది.

అంత నిక్కచ్చి మనిషీ ఒకసారి అబద్ధం టైపు చేసింది.

ఇరవై రెండేళ్ల కిందటి మాట. ఆమె చిన్ననాటి స్నేహితురాలు నార్సిసా టెనెసాకా మొక్కల మీద పరిశోధన చేసేది. కొండల పైన, చలి గడ్డినేలల్లో ఉన్న ఒక మడుగు చుట్టూ ఉన్న నాచును చూడాలని ఆమెకు పిచ్చి. ఆ చోటు గురించి రాసిన వ్యాసం ఒక్కటైనా లేకపోతే కమిటీ దరఖాస్తు ముట్టుకోదు. గడువేమో ఆ మధ్యాహ్నమే.

"ఒసేయ్, మడుగు ఒడ్డున నేల దిటవు గురించి నా వ్యాసం అచ్చవుతోందని టైపు కొట్టెయ్. నిధులు రాగానే వెళ్తా, నెల తిరక్కుండా రాసి పారేస్తా," అంది నార్సిసా, ఉడికించిన మొక్కజొన్న గింజలు నములుతూ.

"రాయకపోతే?"

"నా దయ్యమొచ్చి రాస్తుందిలే. కొట్టవే తల్లీ, టైమైపోతోంది."

ఎల్వియా కొట్టింది. నిధులు వచ్చాయి. జులై వానల్లో నార్సిసా కొండెక్కింది, మంచు దిగింది. మూడో రోజున ఊరివాళ్లు ఆమెను ఊబిలోంచి పైకి తీశారు. అంత్యక్రియల్లో ఎల్వియాకు ఏడుపు రాలేదు. తన చేతులతో తానే తోసినట్టు అనిపించింది.

నాలుగేళ్లు గడిచాక ఆ లైను ఇంకెవరిదో దరఖాస్తులో కనబడింది. నిధులు తెచ్చిపెట్టిన జాబితా గదా, చూసి ఎత్తుకున్నారు. ఇన్నేళ్లూ అచ్చవుతూనే ఉండటమేమిటని ఒకాయన దానికి ఏడాది తగిలించాడు. ఇంకొకరు పత్రిక పేరు చేర్చారు. ఆ తర్వాతి వాళ్లెవరో పేజీ నంబర్లు కూడా పెట్టేశారు, నలభై ఒకటి నుంచి యాభై ఎనిమిది దాకా. మనిషి మట్టిలో కలిసినా వ్యాసం ఏటేటా ఒళ్లు చేస్తోంది. అది ఎదురైన ప్రతిసారీ ఎల్వియా లెక్క వేసుకునేది. చెబితే ఉద్యోగం పోతుంది, పోయినదాని పేరూ బురదపాలవుతుంది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని, కామా సరిచేసి పంపేసేది.

మొన్న మంగళవారం ఎఫ్రాయిన్ అనే కుర్ర లెక్చరర్ దరఖాస్తు తెచ్చాడు. జాబితాలో మళ్లీ అదే లైను. ఎప్పుడూ లేనిది, ఎల్వియా లోపలి పేజీలు కూడా తిప్పింది. జులైలో ఆరుగురు విద్యార్థులను తీసుకెళ్లి మడుగు దక్షిణపు ఒడ్డున గుడారాలు వేస్తాడట. అక్కడ నేల గట్టిదట, ఆధారం: టెనెసాకా, పేజీ యాభై రెండు.

"ఈ వ్యాసం చదివావా నాయనా?"

"భలేవారే ఎల్వియాగారూ, అది చదవనివాళ్లెవరు? పాతదే గానీ చాలా బాగా రాసిందావిడ."

 ఒక్క క్షణం, నిజంగానే ఎవరో రాసిపెట్టారేమోనని ఎల్వియాకు భయమేసింది.

"నాకొకసారి చూపిస్తావా?"

ఎఫ్రాయిన్ తల గోక్కున్నాడు. "నిజం చెప్పొద్దూ, పక్కవాళ్ల జాబితాలోంచి ఎత్తాను. అందరూ చేసేదేగా."

"ఆ అందరిలో ఒక్కరూ చదవలేదు. ఆ వ్యాసమే లేదు నాయనా. ఆ టెనెసాకా నా స్నేహితురాలు, దానికోసం గడువు రోజున ఆ లైను టైపు చేసింది నేనే. ఆ మడుగు దగ్గర ఊబిలోనే అది పోయింది."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆరుగురి పేర్లున్న కాగితాన్ని మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

"మరి దక్షిణపు ఒడ్డు గట్టిదేనా, కాదా?"

"తెలీదు. తెలుసుకున్న మనిషి చెప్పడానికి కొండ దిగి రాలేదు."