అక్క ఎక్కనన్న జీపు

మా అక్కకు ఎడమ మోకాలు వంగదు. ఆటోలో కూర్చోలేదు, కారు సీటు ఆమెకు మరీ కిందికి ఉంటుంది. బావ దగ్గరున్న పాత జీపు ముందు సీటు ఒక్కటే ఆమెకు సరిపోతుంది. ఎత్తుగా ఉంటుంది, కాలు చాపుకోవచ్చు. పొలం దారుల్లో పసుపు బస్తాలు మోసే ఆ బండే అక్కను ఆస్పత్రికీ పెళ్లిళ్లకూ తిప్పుతుంది.

ఆ బండి ఇక ఎక్కనని అక్క మొండికేసిందని బావ శుక్రవారం ఫోన్ చేశాడు. ఆదివారం బాల్కొండలో వాళ్ల కూతురి బిడ్డను ఉయ్యాల తొట్టెలలో వేస్తున్నారు. అమ్మమ్మ రాకపోతే ఎట్లా అని కూతురు ఏడుస్తోందట. పత్రికలో ఉద్యోగం మానేశాక నాకు తీరిక ఎక్కువ. శనివారం పొద్దున్నే నిజామాబాద్‌లో బోధన్ బస్సెక్కాను.

బోధన్ పక్క పల్లెలో వాళ్ల ఇల్లు కాలువ కట్టను ఆనుకొని, ఏటవాలు సందులో ఉంటుంది. గురువారం బావ ఇంటి ముందు జీపు ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, అక్కకు చెయ్యందించడానికి దిగాడు. ఆమె ఒక కాలు జీపు మెట్టు మీద, ఇంకో కాలు నేల మీద ఉండగా బండి వెనక్కి జారింది. బావ పట్టుకోబట్టి పడలేదు.

"జానెడు జరిగిందంతే, బామ్మర్ది," అన్నాడు బావ.

"నీకు జానెడు. నాకు నడుం ఇరిగేటంత," అంది అక్క గడప మీద నుంచే.

"గేరేసి పెడ్త. చక్రం కింద రాయి పెడ్త."

"గా రాయిని నమ్మి నేను కాలెత్తాల్నా? తమ్మీ, నువ్వన్న చెప్పు మీ బావకు."

"మీరు కొట్లాడుకుంట ఉండుండ్రి, నేను బండి సూస్త," అన్నాను.

విలేకరిగా ఇలాంటి జీపుల్లో చాలా ఊళ్లు తిరిగాను కాబట్టి కొంత తెలుసు. హ్యాండ్‌బ్రేక్ లాగితే బిగువుగానే వచ్చింది. కిందికి వంగి చూస్తే కేబుల్ తెగలేదు, సాగలేదు. కాలి బ్రేకు గట్టిగా పడుతోంది. ఈ పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేక్ చక్రాలను పట్టుకోదు. గేరు పెట్టె వెనక తిరిగే షాఫ్టుకు చిన్న డ్రమ్ము ఉంటుంది, దాన్ని పట్టుకుంటుంది. ఆ డ్రమ్ము అంచున నల్లటి నూనె తడి కనిపించింది. గేరు పెట్టె కారుతుంటే ఆదివారానికి అయ్యే పని కాదు.

మెల్లగా నడుపుకుంటూ బోధన్ తీసుకుపోయాం. మెకానిక్ కింద దూరి చూసి అదే మాట అన్నాడు.

"ఆయిల్ సీల్ పోయినట్టున్నది అన్నా. పెట్టె దించాలె. రేపటికి కావాల్నంటే పరేషాన్ అయితది."

బావ బెంచీ మీద కూర్చొని నేల చూస్తున్నాడు. దేనికైనా ఒక మాట అడ్డం వేసే మనిషి, అంత నిశ్శబ్దంగా ఉండడం నాకు వింతగా తోచింది. ఎందుకైనా మంచిది, ముందు డ్రమ్ము విప్పి చూడమన్నాను.

విప్పితే లోపలంతా జిడ్డు. బ్రేకు పట్టాలు తారు పూసినట్టున్నాయి. కానీ గేరు ఆయిల్ ఘాటు లేదు. చిన్నప్పుడు మా అవ్వ తలకు పెట్టిన వాసన వచ్చింది.

"ఇది ఆముదం గదా?" అన్నాను.

మెకానిక్ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఆముదమే! జీపుకు తలంటు పోసిండ్రా కాకా?"

బావ బెంచీ మీద నుంచి లేచి వచ్చాడు. "కిర్రు కిర్రుమంటుండె. కందెన పెట్టిన."

ఆయన వయసులో ఉండగా ఎడ్లబండి మీద ఫ్యాక్టరీకి చెరకు తోలిన మనిషి. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి ఇరుసుకు పూసేవాళ్లు. ఇరుసు కిర్రుమంటే బండిని కాదు, బండి గల్లాయన్ను చూసి నవ్వేవాళ్లు. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించకుండా నడపడం వల్ల డ్రమ్ము కిర్రుమన్నది. ఈయన జీపు కింద పడుకొని, సందులోంచి పుల్లతో కందెన నింపాడు. చప్పుడు ఆగింది. దాంతోపాటు బ్రేకూ పోయింది.

"బ్రేకుకు కందెన పెడితే బండెట్ల ఆగుతది కాకా?"

"ఎడ్లయితే హో అంటే ఆగుతుండె," అన్నాడు బావ, నవ్వకుండా.

మెకానిక్ జిడ్డు తుడిచి సీల్ చూశాడు. పొడిగా ఉంది. పెట్టె దించే పని లేదు. ఆ మాట వినగానే పొద్దున్నుంచి ఏమీ తినలేదని నాకు గుర్తొచ్చింది. అతను డ్రమ్మును పెట్రోలుతో కడిగి, కొత్త పట్టాలు వేసి, బిగువు సరిచేసేలోగా మేమిద్దరం ఎదురు హోటల్లో ఇడ్లీ తిన్నాం. బావ నా ప్లేట్లో చట్నీ కూడా ఊడ్చేశాడు.

ఇంటి ముందు అదే ఏటవాలులో జీపు ఆపి, గేరు తీసేసి, హ్యాండ్‌బ్రేక్ లాగాం. అక్క గడప మీద నుంచి చూస్తుండగా ఇద్దరం ముందు నుంచి వెనక్కి నెట్టాం. కదల్లేదు.

"ఇంకా నూకుండ్రి. తిన్నదేడికి పోయింది?" అంది.

చెమటలు పట్టేదాకా నెట్టాం. తర్వాత ఏం జరిగిందో నేను చెప్పాను. అక్క బావ వంక చూసింది.

"మొన్న మోకాలికి రాద్దాం, ఆముదం తే అంటే అయిపోయిందన్నడు. ఎవరి మోకాలికి రాసిండో ఇప్పుడు ఎరుకైంది."

బావ గొణుక్కుంటూ చెయ్యందించాడు. అక్క మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగింది. బండి ఉన్నచోటనే ఉంది. రెండో కాలు ఎత్తి, సీట్లో కూర్చొని, మోకాలు మెల్లగా చాపుకుంది.

"సరే, ఇగ దిగు. రేపు పొద్దుగాల పోదాం," అన్నాడు బావ.

"ఎక్కుడే కష్టమైతది నాకు. ఎక్కినంక గింత జల్ది దిగుడెందుకు? బోధన్ దాకా పోనియ్యి, మన్మరాలికి గాజులు తీస్కుంట."

నేను వెనక ఎక్కాను. కట్ట దిగి రోడ్డెక్కేదాకా అక్క పైన కడ్డీ పట్టుకునే ఉంది. తర్వాత వదిలేసి, ఎవరి పసుపు తవ్వారో, ఎవరిది ఇంకా భూమిలోనే ఉందో చూసుకుంటూ, మాకు చెబుతూ కూర్చుంది.