మొదటి కాగితం మీద పదకొండు సీళ్ళు

నేను అబద్ధాలాడతానని రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ఒక అపవాదు ఉంది. అదే పెద్ద అబద్ధం. నేను చెప్పేవన్నీ జరిగినవే. కాకపోతే కొన్ని నేను చెప్పిన రోజున జరగలేదు, కొన్ని నేను చెప్పినవాళ్ళకి జరగలేదు. మందిర్ హసౌద్ స్టేషన్లో ఒక ఎలుగుబంటి ప్లాట్‌ఫారం టికెట్టు చేతబట్టుకుని, బెంచీ మీద కుదురుగా కూర్చుని ప్యాసింజరు కోసం ఎదురుచూసిందని పార్సిల్ ఆఫీసులో చెప్పింది నేనే. బండి ఆలస్యమైతే స్టేషన్ మాస్టరు మీద కోప్పడిందని కూడా చెప్పాను. ఇప్పుడు రాయబోయేది నమ్మనివాళ్ళు మా ఆవిడను అడగవచ్చు. ఆమె నా మాట ఒక్కటీ నమ్మదు, దీన్ని మాత్రం నమ్ముతుంది.

మా ఇంట్లో ఒక రేకు డబ్బా ఉండేది. దాన్నిండా సీళ్ళు. స్టాంపులు వేరు, సీళ్ళు వేరు. స్టాంపు ఉత్తరాన్ని ఊరు చేరుస్తుంది. సీలు చేసే పనేమీ లేదు. కవరు వెనకాల కూర్చుని, నన్ను అంటించినవాడు ఎవరో రోగి కోసం తన వంతు ఇచ్చాడని చెబుతుంది, అంతే. క్షయ రోగుల కోసం ఏటేటా అమ్మే టీబీ సీళ్ళు, కుష్ఠు రోగుల కోసం అమ్మినవి, అంధుల బడి కోసం అమ్మినవి, జెండాల రోజున చొక్కాకి గుచ్చే కాగితం జెండాలు, డెబ్భై ఒకటిలో బంగ్లాదేశ్ కాందిశీకుల కోసం ప్రతి ఉత్తరానికీ అదనంగా అంటించమన్న అయిదు పైసల చీటీ, ఇవన్నీ ఆ డబ్బాలో కలగాపులగంగా పడి ఉండేవి. పార్సిల్ ఆఫీసు చెత్తబుట్టలోంచి ఏరినవి కొన్ని. భిలాయి స్టీల్ ప్లాంటులో పనిచేసే మా బావమరుదులు పంపినవి కొన్ని. తెలీబంధాలో ఒక పచారీ కొట్టతను పాత కవర్లలో జీలకర్ర కట్టి ఇచ్చేవాడు. సీలున్న కవరు కనబడిందంటే అవసరం లేకపోయినా జీలకర్ర కొనేవాణ్ణి.

తొంభైల్లో మా ఊరి స్టాంపుల సంఘం వాళ్ళు ఒక ప్రదర్శన పెట్టారు. నేను డబ్బా చంకన పెట్టుకుని సంఘం కార్యదర్శి దగ్గరకు వెళ్ళాను. ఆయన రిటైరైన హిందీ మాస్టారు. భూతద్దం లేకుండా కూరగాయలు కూడా కొనడు.

"భాయ్‌సాబ్, ఇవి స్టాంపులు కావు, లేబుళ్ళు," అన్నాడు హిందీలో.

"లేబుళ్ళకి గోడ లేదా మాస్టర్‌జీ?"

ఆయన చాలాసేపు డబ్బాలో వేళ్ళు పెట్టి కెలికాడు. ఇన్ని సీళ్ళు ఒకచోట ఆయనా చూసినట్టు లేదు. చివరికి ఒక చట్రం ఇస్తానన్నాడు. చట్రానికి పదహారు కాగితాలు. ప్రతి సీలు కిందా అది దేనికోసం వేసినదో, ఎక్కడినుంచి ఎవరికి వచ్చిందో రాయాలి. "సచ్ లిఖియే, నిజమే రాయండి," అన్నాడు వేలు చూపిస్తూ. "ఒక్క గప్పా కనబడిందా, చట్రం మొత్తం దింపేస్తాను. ఎలుగుబంటి సంగతి నాదాకా వచ్చింది."

ఇంటికి వచ్చి ముందు గది గచ్చు మీద పని మొదలుపెట్టాను. ఫ్యాను వేస్తే సీళ్ళు ఎగిరిపోతాయి, వెయ్యకపోతే మనుషులు ఉడికిపోతారు. సీళ్ళ పక్షాన నిలబడ్డాను. ముందు రంగుల్ని బట్టి పేర్చాను, అందంగా ఉంది గానీ ఏది దేనికోసమో తెలియడం లేదు. తర్వాత జబ్బుల్ని బట్టి, జబ్బులో మళ్ళీ ఏడాదిని బట్టి పేర్చాను. తేలిగ్గా ఊడివచ్చే జిగురు కాగితం ముక్కలు మడిచి వెనక అతికించి, గళ్ళ కాగితం మీద ఒక్కొక్కటే చిన్న పట్టకారుతో నిలబెట్టాను. నలభై ఏళ్ళు దాటినవాడి చెయ్యి అంత స్థిరంగా ఉండటం చూసి నాకే ముచ్చటేసింది.

రాత దగ్గర మా ఆవిడ కూర్చుంది. తనిఖీకి.

ఒక సీలు కింద నేను 'మూడు సముద్రాలు దాటి వచ్చినది' అని రాశాను.

"ఏ మూడు?" అంది.

"ఒకటైతే పక్కా."

"దాని పేరు చెప్పండి."

"బంగాళాఖాతం."

"ఏవండీ, ఇది ధర్సీవా నుంచి మీ ఆఫీసుకి వచ్చిన కవరు మీదది. నేనే కత్తిరించి ఇచ్చాను. ధర్సీవాకీ మనకీ మధ్య ఏ సముద్రం ఉంది?"

"వానాకాలంలో ఆ రోడ్డు నువ్వు చూడలేదు."

కొట్టేసింది. అలా ఆ సాయంత్రం ఒక మహారాజు, ఇద్దరు దొరలు, ఒక మునిగిపోయిన ఓడ ఆమె పెన్సిలు కింద పడి పోయారు. నిజం ఎంత పొట్టిగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. ఒక్కో సీలుకి ఒకటిన్నర వరసకంటే ఎక్కువ రావడం లేదు.

ఆఖరుకి మొదటి కాగితం తీసింది. దానిమీద పదకొండు టీబీ సీళ్ళు ఉన్నాయి. రెండడ్డగీతల ఎర్ర సిలువ గుర్తువి, రంగు వెలిసి, చిన్నప్పుడు అన్నం మెతుకుతో అతికించిన మరకలతో.

"మిగతావన్నీ రకానికి ఒకటి పెట్టారు. ఇక్కడ ఒకే బొమ్మ ఎనిమిదిసార్లు ఎందుకుంది? ఇవి ఎవరు పంపారు?"

నేను నోరు తెరిచాను. మా అమ్మ అక్కడే కుర్చీలో కూర్చుని నా డ్యూటీ కోటుకి గుండీ కుడుతోంది. సూది ఆగిపోయింది. అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది గానీ, అమ్మ ముందు ఆ ఒక్క విషయంలో అబద్ధం ఆడటం నావల్ల కాలేదు. అమ్మ కోటు మడిచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మా ఆవిడకు చెప్పాను, పెళ్ళయిన పదహారేళ్ళకి. అరవైల మొదట్లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, అమ్మకి క్షయ వచ్చింది. గార్డుగా పనిచేసే నాన్న రైల్వే పాసు మీద తీసుకెళ్ళి దూరాన కొండల్లో ఉన్న ఆసుపత్రిలో చేర్చాడు. పదకొండు నెలలు ఉంది. నెలకో ఉత్తరం రాసేది. ప్రతి కవరు వెనకా ఒక సీలు. కవరు మీద ఆసుపత్రి ముద్ర ఉండేది కాబట్టి, చదవగానే నాన్న పొయ్యిలో పెట్టేసేవాడు. పెట్టేలోపల నేను సీలున్న మూల చింపుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి నానబెట్టి, ఊడదీసి, నోటుబుక్కులో అతికించేవాణ్ణి. నా సేకరణలో మొదటివి అవే.

కాలనీలో అడిగినవాళ్ళకి అమ్మ శ్రీకాకుళం వైపు పుట్టింటికి వెళ్ళిందని చెప్పాలి. పదకొండు నెలలు పుట్టింట్లో ఏం చేస్తోందని అడిగితే? ఆ పని నాకు అప్పగించారు. అమ్మ అక్కడ జమీందారు గారి చిలకకి హిందీ నేర్పుతోందని చెప్పాను. చిలక మొండిదని, లింగాలు తప్పుతోందని, క్రియల దగ్గరికి ఇంకా రాలేదని వారం వారం కబురు చెప్పేవాణ్ణి. ఆడవాళ్ళు నవ్వీ నవ్వీ అసలు అడగాల్సింది మరిచిపోయేవారు. అందరికీ అబద్ధాలు సరదాకి అలవాటవుతాయి, నాకు డ్యూటీ కింద అలవాటయ్యాయి.

అమ్మ నయమై వచ్చాక కూడా ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మూడో రోజు పొద్దున్న టీ తాగుతూ తనే చెప్పింది.

"ఎన్ని కాగితాల్రా?"

"పదహారమ్మా."

"నిండిపోనాయా?"

"పదిహేను. మొదటిది తీసేశాను. దాని బదులు జెండాలు పెడతాను."

"ఎందుకు తీసీసినావు?"

"కింద ఏం రాయను? అబద్ధం రాస్తే నీ కోడలు కొట్టేస్తుంది. నిజం రాస్తే కాలనీ అంతా చదువుతుంది."

"సదివితే ఏటవుద్ది? రోగం వొచ్చింది. దొంగతనం సేసినానా?"

"నువ్వే కదమ్మా దాచమన్నావు."

"దాసమన్నాను. అప్పుడు మన వరండా నిండా పిల్లలే. అందరూ హిందీ బడికెళ్ళీవోళ్ళు. ఆళ్ళకి అ ఆలు నేనే దిద్దించినాను. తెలిస్తే ఒక్క తల్లి పంపునా? ఇప్పుడా పిల్లలకే పిల్లలున్నారు. నాకు డెబ్బై వొచ్చీసినాయి. ఇంక ఎవులికి దాసాల?"

అని గ్లాసు కింద పెట్టి గొంతు తగ్గించింది. "పక్క క్వార్టరు ఆవిడ ఒక్కతే. నలభై ఏళ్ళు ఒకే కంచంలో తిన్నాం. అది సంగతి తెలిసి దూరం జరిగిందంటే మాత్రం నాను తట్టుకోలేను."

పక్క క్వార్టరు ఆవిడంటే మేం పిన్ని అని పిలిచే మనిషి. ఆమెకి ముందుగా చెప్పమన్నాను. చెబుతానంది. చెప్పడానికి రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ అల్లం అడిగి తెచ్చుకుంది. ఇంట్లో అల్లం కుప్పపడింది గానీ మాట బయటకు రాలేదు. మూడోసారి వెళ్ళకుండా నా కలం లాక్కుని, కళ్ళద్దాలు పెట్టుకుని, మొదటి కాగితం కింద తనే రాసింది. తెలుగులో.

'ఇవి నేను క్షయ ఆసుపత్రి నుంచి మా అబ్బాయికి రాసిన పదకొండు ఉత్తరాల మీదివి. సీళ్ళు మంచాల దగ్గరకే తెచ్చి అమ్మేవారు. మాకంటే జబ్బుగా ఉన్నవాళ్ళ కోసమని కొన్నాను. నయమై ఇంటికి వచ్చాను. ఇట్లు, పంపినావిడ.'

మా ఆవిడ చదివింది. పెన్సిలు చెవి వెనక పెట్టేసుకుంది. ఒక్క అక్షరం కొట్టలేదు.

కార్యదర్శి మాత్రం కొట్టేస్తానన్నాడు. రాసిందేమిటో హిందీలో చెప్పించుకుని తల అడ్డంగా తిప్పాడు. "రోగి, రోగుల కోసం సీలు కొందా? కవరేదీ? ఆసుపత్రి ముద్రేదీ? ఇది మీ ఎలుగుబంటికి చెల్లెలు." నా జన్మలో మొదటిసారి నిజం చెబుతూ చెమటలు కక్కాను. కవర్లు కాలిపోయాయన్నాను. అది ఇంకా పెద్ద గప్పాలా వినబడింది.

మర్నాడు అమ్మ రిక్షా ఎక్కి ఆయన దగ్గరకు తనే వచ్చింది. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నా అమ్మ హిందీలో ఆడా మగా తేడా లేదు. "మాస్టర్‌జీ, యే సబ్ మై భేజా," ఇవన్నీ నేనే పంపాను, అని పదకొండు సీళ్ళూ వేలితో ఒక్కొక్కటే తాకి చూపించింది. తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుని, ఎడమ ఊపిరితిత్తిలో మచ్చ ఇప్పటికీ ఉంది, ఎక్స్‌రే తీయించి దాన్ని కూడా చట్రంలో పెట్టమంటారా అని అడిగింది. మాస్టారు లేచి నిలబడ్డాడు. భూతద్దం జేబులో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు.

ప్రదర్శన రోజున మా చట్రాన్ని పెద్ద హాల్లో పెట్టలేదు. లేబుళ్ళు కదా, నడవలో, మంచినీళ్ళ కుండల పక్కన గోడకి తగిలించారు. అమ్మ జరీ అంచు చీర కట్టుకుని దాని పక్కనే నిలబడింది. నేను పదిహేను కాగితాల గురించీ వచ్చినవాళ్ళకి చెప్పాను, ఒక్క సముద్రం కూడా కలపకుండా. మొదటి కాగితం మాత్రం అమ్మదే. హిందీ వాళ్ళకి హిందీలో, ఛత్తీస్‌గఢీ వాళ్ళకి అదే హిందీ ఇంకొంచెం గట్టిగా చెప్పింది. కాలనీవాళ్ళలో ఒకావిడ చదివి, చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ముప్ఫై అయిదేళ్ళయిందమ్మా, ఆ పురుగుకి పింఛను కూడా వొచ్చీసుంటాది," అంది అమ్మ. ఆవిడ చెంగు దించేసింది.

పదకొండు గంటలకి పిన్ని వచ్చింది. కోడల్ని వెంటబెట్టుకుని, నవ్వుతూ. చట్రం దగ్గర వంగి చదివింది. మళ్ళీ చదివింది. నవ్వు పోయింది. అమ్మ వైపు చూడకుండా హాల్లోకి వెళ్ళిపోయింది. అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నడుం నిటారుగా పెట్టి, తర్వాత వచ్చినాయనకి మొదటి సీలు చూపించడం మొదలుపెట్టింది.

కాసేపటికి హాల్లోంచి కుర్చీ ఈడ్చుకొస్తున్న చప్పుడయింది. కార్యదర్శి బల్ల దగ్గరి చేతుల కుర్చీ. ఈడ్చేది పిన్ని.

"కూర్చో అక్కా. ఊరందరికీ చెప్పావు, నాకే చెప్పలేదు. చిలకకి హిందీ నేర్పుతున్నావని నేను నా చుట్టాలందరికీ ఉత్తరాలు రాశాను! సిగ్గుందా మీ తల్లీకొడుకులకి?"

"బయ్యమేసిందే."

"నేనంటేనా? నేనంటే బయ్యమా? నువ్వు లేకపోతే నాకు ఇక్కడ తెలుగు మాట్లాడే దిక్కెవరు? కూర్చో ముందు. కూర్చుని మొదట్నించీ చెప్పు. రైలెక్కిన కాడ్నించి."

అమ్మ కూర్చుంది. పిన్ని కుండల గట్టు మీద కూర్చుంది. ఇద్దరి మోకాళ్ళూ తగులుతున్నాయి. నడవలో జనం నీళ్ళకని వచ్చి, నీళ్ళు తాగి, అక్కడే నిలబడిపోతున్నారు. నా గర్వం సంగతి ఏం చెప్పను, ఆ నడవ పైకప్పు తగలకుండా నడవడానికి నేను తల వంచుకోవాల్సి వచ్చింది.

కార్యదర్శి తన కుర్చీని వెతుక్కుంటూ వచ్చాడు. ఆ గుంపుని చూసి, కాస్త మొహమాటపడుతూ, హాల్లో మంచి చోటు ఖాళీ అయింది, చట్రం అక్కడికి మారుస్తానన్నాడు. నేను మేకు పీకడానికి చెయ్యెత్తేశాను.

"వొద్దురా," అంది అమ్మ కూర్చున్నచోటి నుంచే. "ఆల్లోకి స్టాంపులోళ్ళే ఎల్తారు. ఇక్కడికి దాహమేసినోళ్ళందరూ వొస్తన్నారు. ఉండనీ." అని పిన్ని వైపు తిరిగి, రైలు ఎక్కడిదాకా వెళ్ళిందో గుర్తు చేసుకుని, కథ మళ్ళీ అందుకుంది.